రేపు ఇదే వేళకు



1940 సెప్టెంబరు 30, సోమవారం. అమెరికాలో బడి వదిలాక ఇల్లు చేరిన పిల్లలు రేడియో ముందు గుమిగూడారు. రేడియోలో ఒక గడియారం పన్నెండు గంటలు కొట్టింది. ఆ మోతలోంచే ఒక విమానం హోరు పుట్టి, నెత్తి మీదికి వచ్చినంత దగ్గరైంది. తర్వాత ఒక గొంతు, వీధి చివర ఉన్నవాణ్ణి పిలిచినట్టు సాగదీసి, ఒక పేరు చెప్పింది: కెప్టెన్ మిడ్‌నైట్. మొదటి ప్రపంచ యుద్ధంలో అప్పగించిన పని ముగించుకుని సరిగ్గా అర్ధరాత్రి వేళకు తిరిగొచ్చిన వైమానికుడు కాబట్టి ఆయనకా పేరు వచ్చిందని కథ. 1938 నుంచి ఒక పెట్రోలు కంపెనీ ఖర్చుతో కొన్ని రాష్ట్రాల్లో మాత్రమే వినిపించిన ఆ ధారావాహిక ఆ రోజుతో దేశమంతటికీ పాకింది.

ఆ నెలలోనే లండన్ మీద రాత్రిళ్లు జర్మనీ బాంబులు పడటం మొదలైంది. అమెరికా ఇంకా యుద్ధంలో దిగలేదు. కాని పడుచువాళ్లను సైన్యంలో చేర్చుకునే చట్టం మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సెప్టెంబరు 16న సంతకం పెట్టేశాడు. పెద్దవాళ్లు వార్తలు విని దిగులుపడే అదే రేడియోలో, సాయంత్రం ఐదు దాటితే పిల్లల వంతు. దేశం మీదికి యుద్ధం రాకముందే ఆ గంటలో పిల్లల చెవులకు అది వచ్చేసింది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మన మద్రాసు రేడియోలో తెలుగు పిల్లల కోసం ఇంకొక రకం పని మొదలైంది. అనంతపురం జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కాబట్టి ఆ రేడియో మనది కూడా. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడాలని, చూశాక మా కొత్తచెరువు, బుక్కపట్నం, ధర్మవరం పిల్లల తరఫున ఒక మాట అడగాలని ఈ ప్రసంగం.

ముందు అమెరికా సంగతి. అక్కడ పిల్లల ధారావాహిక అంటే ఎక్కువగా పావుగంట కథ, వారానికి ఐదు రోజులు. అనాథ పిల్ల ఆనీ కథ 1931లో దేశమంతటా వినిపించడం మొదలుపెట్టింది. 1933లో జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పడుచు కుర్రవాడు వచ్చాడు, చిన్నాన్న వరస పెద్దమనిషి ఒకాయనతో, ఇద్దరు స్నేహితులతో ప్రపంచమంతా తిరిగేవాడు. 1937లో చైనా నేపథ్యంగా టెర్రీ కథ, 1940 ఫిబ్రవరిలో సూపర్‌మ్యాన్. పావుగంటలో మొదటి రెండు మూడు నిమిషాలు నిన్నటి కథ గుర్తుచేయడానికీ, సరుకు గురించి చెప్పడానికీ పోయేవి. చివరి నిమిషంలో వీరుడు కొండ అంచున వేలాడుతూ ఉండగానో, తలుపు వెనక అడుగుల చప్పుడు ఆగిపోగానో కథ ఆపేసి, ఏమవుతుందో రేపు ఇదే వేళకు వినండి అనేవారు. అసలు కథ నడిచేది మధ్యన మిగిలిన ఆ పదో పదకొండో నిమిషాలు. అంత కొద్ది జాగాలో రోజూ ఒక ముడి వేసి, రోజూ పాత ముడి విప్పి, ఏళ్ల తరబడి నడపడం చిన్న నేర్పు కాదు. సాహిత్యంగా వాటికి గొప్ప విలువ ఉందని నేను అనను. చెవితో చూపించే విద్యలో మాత్రం వాళ్లు ఆరితేరారు.

ఇందులో మన దేశానికి కూడా ఒక పోగు తగులుకుని ఉంది. జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథలను 1936 నుంచి రాసినవాడు టాల్బట్ మండీ. లండన్‌లో పుట్టి, కుర్రతనంలో మన దేశంలో కొంతకాలం గడిపి, ఖైబర్ కనుమ మీద 1916లో ఒక ప్రసిద్ధ నవల రాసినవాడు. 1940 ఆగస్టులో చనిపోయేదాకా ఆ రేడియో కథలు ఆయన కలం నుంచే సాగాయి. గుహలు, రహస్య సంఘాలు, అన్నీ తెలిసిన మునులు: ఆయన రాతల్లో ఆసియా అంటే ఇవే. ఇక్కడ వానల కోసం ఎదురుచూస్తూ చెనిక్కాయలు విత్తే రైతు గాని, వాడి కొడుకు గాని ఆ కథల్లోకి వచ్చే వీలే లేదు. ఒక దేశం పిల్లలు ఇంకొక దేశాన్ని ఊహించుకునేది ఇలాంటి కథల నుంచే కాబట్టి, ఆ లోటు నాకు చిన్నదిగా కనిపించదు.

ఇక డబ్బు ఎక్కడిది? అమెరికాలో రేడియో ప్రభుత్వానిది కాదు. కార్యక్రమం మీద పెత్తనం ఖర్చు పెట్టుకున్న కంపెనీది. ఆనీ కథకు, తర్వాత కెప్టెన్ మిడ్‌నైట్‌కు ఓవల్టీన్. జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వీటీస్ అనే గోధుమ అటుకులు. సూపర్‌మ్యాన్‌కు కెల్లాగ్ కంపెనీవారి పెప్ అనే ఫలహారం. ఈ కంపెనీలు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఓవల్టీన్ డబ్బా మూత కింద ఒక సీలు ఉండేది. దాన్ని చింపి, కొన్నిసార్లు పది సెంట్ల నాణెం జతచేసి కంపెనీకి పంపితే, కొన్ని వారాలకు టపాలో ఒక లోహపు బిళ్ల వచ్చేది. దాని మీద ఒక తిరిగే చక్రం, చుట్టూ అక్షరాలు, అంకెలు. 1935 నుంచి ఆనీ పేరుతో, 1941 నుంచి కెప్టెన్ మిడ్‌నైట్ రహస్య దళం పేరుతో ఇవి లక్షల ఇళ్లకు చేరాయి. కథ అయిపోయాక ప్రకటనకర్త చక్రాన్ని ఫలానా చోట నిలపమని చెప్పి, వరుసగా అంకెలు చదివేవాడు. పిల్లలు వాటిని కాగితం మీద రాసుకుని, బిళ్ల తిప్పి, ఒక్కో అక్షరం పట్టుకుని రేపటి కథలోని గుట్టు బయటికి లాగేవారు. బిళ్ల లేని పిల్లవాడికి ఆ అంకెలు వట్టి అంకెలే.

ఈ ఉపాయంలో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. వినే పిల్లవాణ్ణి ఊరకే కూర్చోబెట్టకుండా చేతికి పని ఇచ్చింది, దళంలో ఒకణ్ణి చేసింది. అది మెచ్చుకోవలసినదే. ఆ దళంలో చేరే దారి మాత్రం దుకాణం మీదుగా పోతుంది. ముప్ఫైల ఆ పదేళ్లూ అమెరికాలో పనులు దొరకని గడ్డుకాలం. డబ్బా కొనలేని ఇంటి పిల్లలు ఎందరో ఆ బిళ్ల కోసం అలమటించి ఉంటారు. పిల్లవాడి ఆశను పట్టుకుని తల్లి చేత కొనిపించే ఆ పద్ధతి తప్పని నా అభిప్రాయం, ఇవాళ ఏ తెర మీద చేసినా తప్పే.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1933లోనే న్యూయార్క్ దగ్గర స్కార్స్‌డేల్ అనే ఊళ్లో తల్లులు ఈ కథల మీద ఫిర్యాదు లేవనెత్తారు, పిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారని. 1935లో సీబీఎస్ రేడియో సంస్థ పిల్లల కార్యక్రమాల్లో ఏవి ఉండకూడదో నియమాలు పెట్టుకుంది. ధారావాహికలు మాత్రం ఆగలేదు, ఇంకా పెరిగాయి.

ఆ కథల్లో శత్రువు ఎవరన్నది యుద్ధానికి ముందు ఒక చిక్కు ప్రశ్న. దేశం తటస్థంగా ఉన్నప్పుడు జర్మనీ అనో జపాన్ అనో పేరు పెట్టి తిట్టడం కుదరదు. అందుకే కెప్టెన్ మిడ్‌నైట్‌కు ఐవాన్ షార్క్ అనే దేశదేశాల నేరగాడు ఎదురయ్యేవాడు. టెర్రీ కథ మొదట పత్రికలో బొమ్మల కథ. దాని చిత్రకారుడు మిల్టన్ కానిఫ్ చైనా మీద పడిన జపాన్ సైన్యాన్ని పేరు పెట్టకుండా దురాక్రమణదారులు అని మాత్రమే చూపించేవాడు. పేరు ఖాళీగా ఉంచారు, ఆకారం మాత్రం సిద్ధం చేశారు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక ఆ ఖాళీలో పేరు నింపడానికి ఎంతో కాలం పట్టలేదు.

యుద్ధం వచ్చాక రహస్య దళాలకు నిజమైన పనులు దొరికాయి. పాత ఇనుము, రబ్బరు, కాగితం పోగుచేయడం, పెరట్లో కూరగాయలు పండించడం, యుద్ధ బాండ్లకు చిల్లర కూడబెట్టడం. జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్యక్రమం 1942లో సైనికులకు ఉత్తరాలు రాసే పిల్లల దళాన్ని నడిపింది. లోహాల కరువు వల్ల కొత్త బిళ్లలు చేయడమే కొంతకాలం ఆగిపోయింది. ఈ పనులు చేసిన పిల్లలను నేను గౌరవిస్తాను. వాళ్లు పంపిన ఉత్తరం ఏ దీవిలోనో ఒక సైనికుడికి ధైర్యం ఇచ్చి ఉంటుంది. అయితే శత్రువును గుర్తుపట్టడం నేర్పినంత శ్రద్ధగా, ఎదుటి దేశంలోనూ ఇలాగే రేడియో వినే పిల్లలున్నారని ఆ కథలు నేర్పలేదు. అదే రేడియో తలచుకుంటే ఎంత మేలు చేయగలదో 1946లో తెలిసింది. ఆ వేసవిలో సూపర్‌మ్యాన్ ధారావాహిక కూ క్లక్స్ క్లాన్‌ను పోలిన జాతి ద్వేష ముఠా మీద కథ నడిపింది. అప్పటిదాకా బయటి శత్రువును చూపిన కథ, తమ ఊళ్లోనే ముసుగు వేసుకుని తిరుగుతున్న ద్వేషాన్ని పిల్లలకు చూపించింది. ఆ ధారావాహికలన్నిటిలో నేను నెత్తిన పెట్టుకునేది ఆ కొద్ది వారాల కథనే.

ఇప్పుడు మద్రాసుకు వద్దాం.

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. దానికి ముందు 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ తన సొంత ప్రసారాలు నడిపేది. మన పడమటి సరిహద్దుకు అవతల మైసూరులో గోపాలస్వామి అనే ఆచార్యుడు 1935లో తన ఇంట్లోనే చిన్న ప్రసార కేంద్రం పెట్టి దానికి ఆకాశవాణి అని పేరు పెట్టాడు. తర్వాత దేశమంతా ఆ పేరే తీసుకుంది. నలభైలలో మన పల్లెల్లో కరెంటు లేదు. రేడియో పెట్టె ఉన్న ఇల్లు వేళ్ల మీద లెక్క. ఉన్నా లైసెన్సు కట్టాలి. అయినా మద్రాసు నుంచి తెలుగులో వెలువడిన పిల్లల కార్యక్రమం ఒక తరాన్ని తయారుచేసింది.

దాన్ని నడిపినవారు న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి. బరంపురంలో 1905లో పుట్టిన రాఘవరావు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, కామేశ్వరి రేడియో అక్కయ్య. వాళ్లు చేసిన పని ఇవాళ తేలికగా కనిపించవచ్చు. పిల్లలను స్టూడియోకు పిలిచి మైకు ముందు నిలబెట్టారు. పాటలు, పద్యాలు, నాటికలు, పొడుపు కథలు పిల్లల గొంతులతోనే ప్రసారమయ్యాయి. అప్పటిదాకా పిల్లలకు పెద్దలు చెప్పడమే, పిల్లలు వినడమే. పెద్దల సభలో పిల్లలు నోరెత్తకూడదన్న కాలం అది. అటువంటి కాలంలో ఒక ఆరేళ్ల పిల్ల గొంతు మద్రాసు నుంచి బయల్దేరి ఊరూరా పెద్దల చెవుల్లో పడింది. అక్కడ కొనవలసిన డబ్బా లేదు, చింపవలసిన సీలు లేదు, కంపెనీ లేదు. దళంలో చేరాలంటే పాడగలిగితే చాలు, రెండు మాటలు ధైర్యంగా చెప్పగలిగితే చాలు.

యుద్ధం వాళ్ల గుమ్మానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వారంలోనే మద్రాసు ఖాళీ అయింది. జనం రైళ్లెక్కి లోపలి ఊళ్లకు తరలిపోయారు. బాంబులు పడితే క్రూరమృగాలు వీధుల్లోకి వస్తాయన్న భయంతో మద్రాసు జంతుప్రదర్శనశాలలోని పులులను, సింహాలను కాల్చి చంపారు. అమెరికాలో పెరటి నుంచి పాత ఇనుము మోసిన పిల్లలకు యుద్ధం చాలావరకు చెవిన పడిన కథ. విశాఖ పిల్లలకు అది కంటి ఎదుట పడిన బాంబు. అంత కలతలోనూ అన్నయ్య, అక్కయ్య పిల్లల పని వదలలేదు. కాగితం కొరత తీరని 1945లో బాల అనే మాసపత్రిక తెచ్చారు. రేడియోలో మాట్లాడిన పిల్లలే అందులో రాశారు, బొమ్మలు వేశారు. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ ఆ పత్రికలోనే అచ్చయింది, అప్పటికి ఆయన వయసు పద్నాలుగేళ్లు. ఆయన స్నేహితుడు సత్తిరాజు లక్ష్మీనారాయణ, అంటే మన బాపు, ఆ పత్రికకు బొమ్మలు వేసిన బాలుడు. ఆ ఇద్దరూ అన్నయ్య రేడియో కార్యక్రమాల్లో కూడా పాల్గొన్నవాళ్లే. తర్వాత రమణ చేతిలో పుట్టిన బుడుగు మాట్లాడే మాట వినండి. పెద్దలు పిల్లవాడి నోట పెట్టిన మాట కాదది, పిల్లవాడే నిలబడి పెద్దల లోకాన్ని నిలదీసే మాట. మైకు ముందు నిలబెట్టిన పిల్లల్లోంచే అటువంటి గొంతు వచ్చిందని నేను నమ్ముతాను.

ఆ దంపతులు ఆంధ్ర బాలానంద సంఘం నడిపారు, తర్వాత హైదరాబాదు చేరి అక్కడి నుంచీ బాలానందం కొనసాగించారు. కామేశ్వరి 1980లో, రాఘవరావు 1984లో కన్నుమూశారు. వాళ్లు నిలబెట్టిన పద్ధతి తెలుగు ఆకాశవాణి కేంద్రాలకు దారి అయింది. ఆదివారం పిల్లల కార్యక్రమం అంటే పిల్లలే వచ్చి చేసేది అన్న అలవాటు వాళ్లు పెట్టినదే.

అమెరికా పిల్లల దగ్గర ఉండి మన పిల్లల దగ్గర లేనిది ఒకటుంది. రేపు ఏమవుతుందన్న ఆత్రం. సాహసం. అడవి, గుహ, సముద్రపు దొంగలు, తెగిపోయిన వంతెన. తెలుగు పిల్లలకు అది రేడియో నుంచి రాలేదు, అచ్చు నుంచి వచ్చింది. 1947 జూలైలో మద్రాసులో చందమామ మొదలైంది. దాన్ని పెట్టిన నాగిరెడ్డిగారు మన పక్క కడప జిల్లా పొట్టిపాడు మనిషి. అందులో 1954లో తోకచుక్కతో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు మొదలయ్యాయి. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. పేర్లు చెబితేనే వినేవాళ్లలో ఎందరికో ఒళ్లు జలదరించి ఉంటుంది. చిత్రా వేసిన మొసలిముఖం మనుషులు, కోటలు, లోయలు కళ్లకు కట్టి ఉంటాయి. అక్కడివాళ్లకు రోజూ సాయంత్రం తెగిన కథ మరుసటి సాయంత్రం అతుక్కునేది. మనవాళ్లు నెలంతా కాచుకున్నారు. పుస్తకం ఊరికి ఒకటి వస్తే చేతులు మారి మారి, అట్ట ఊడిపోయాక గాని చివరి పిల్లవాడికి అందేది కాదు. చదవడం రాని పిల్లవాడికి, చదివి వినిపించే మనిషి లేని ఇంటికి ఆ లోకం అసలు తెరుచుకోలేదు. ఈ జిల్లాలో అటువంటి ఇళ్లే ఎక్కువగా ఉన్న కాలం అది.

ఆ ఇళ్లకు చేరగలిగింది పంచాయతీ రేడియో. యాభైలు, అరవైలలో ఊరి చావడి మీద కొమ్ము ఆకారం స్పీకరు బిగించి, లోపల పెట్టెకు తాళం వేసి, సాయంత్రం వేళకు తలారో గుమాస్తానో వచ్చి తిప్పేవాడు. వ్యవసాయం మాటలు, బజారు ధరలు, వార్తలు, ఆపైన పాటలు. 1963లో కడపలో కేంద్రం పెట్టాక మన యాస, మన పంటల పేర్లు రేడియోలో వినిపించాయి. తొంభైల మొదట్లో అనంతపురంలోనే కేంద్రం వచ్చింది. పెద్దలకు కథ వినిపించడంలో మన రేడియో ఎవరికీ తీసిపోలేదు. విజయవాడ నుంచి ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు పని ఆపుకుని కూర్చున్నాయి. ఒక్క గొంతు, వాద్యం కూడా లేకుండా, లంకను, కురుక్షేత్రాన్ని నిలబెట్టగలిగింది. బొమ్మ లేనిదే పిల్లలు నిలవరు అనే మాటకు అదే జవాబు.

ఇంతకంటే పాత జవాబు మా ఊరికి దగ్గరలోనే ఉంది. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో తెర మీద కనిపించేది సగమే. మిగతా సగం తెర వెనక చప్పుడు. యుద్ధం వస్తే ఆడించేవాళ్లు కాళ్ల కింద చెక్కలు దబదబ తొక్కుతారు, మద్దెల ఉరుముతుంది, బాణం బాణానికి ఒక అరుపు. అమెరికా స్టూడియోల్లో కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కలు పలికించి, రేకు ఊపి ఉరుము తెప్పించడం లాంటిది మన బొమ్మలాటవాళ్లకు తాత ముత్తాతల నాటి విద్య.

అన్నయ్య అక్కయ్యల మైకు మన దగ్గర ఉంది. చందమామ నేర్పిన ఆత్రం ఉంది. నిమ్మలకుంట చప్పుడు ఉంది. ఈ మూడూ ఒకచోట కలిసిన తెలుగు పిల్లల సాహస ధారావాహిక, మన అనంతపురం మాటలో, పిల్లల గొంతులతో, రోజూ పావుగంట రావాలి. నేను అడగదలచిన మాట ఇదే.

కథకు చోటు ఎక్కడా అని వెతకనక్కర లేదు. బుక్కపట్నం చెరువు కట్ట ఎక్కి చూస్తే చాలు. బుక్కరాయలు కట్టించాడని చెప్పుకునే ఆ చెరువుకు నీళ్లు ఏ వంక నుంచి, ఏ కాలువ గుండా వస్తాయో ఊళ్లో ఎందరు పిల్లలకు తెలుసు? 1565లో విజయనగరం కూలాక రాజధానిగా మారిన పెనుకొండ కోట ఉంది. లేపాక్షిలో నేలకు ఆనీ ఆనని స్తంభం ఉంది. గుత్తి కొండ మీద నీటి కోసం తొలిచిన బావులున్నాయి. కదిరి అవతల దాదాపు ఐదెకరాల్లో అల్లుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాని ఊడల మధ్య తప్పిపోయిన ముగ్గురు పిల్లలను ఊహించండి. పూడిపోయిన ఒక పాత కాలువ జాడ పట్టుకుని వాళ్లు ఊరూరా తిరుగుతారు. రోజుకొక ఆనవాలు, రోజుకొక అడ్డంకి. ఎదిరించవలసినది ఇంకో దేశం కాదు, ఇంకో కులం కాదు. కాలువను ఆక్రమించుకున్న అత్యాశ, దాన్ని మరిచిపోయిన మన మరుపు, వరుస కరువులు. ఇంతకంటే పెద్ద శత్రువులు ఏ కెప్టెన్‌కూ ఎదురు కాలేదు.

రహస్య సంకేతం కావాలా? అదీ కొననక్కర లేదు. మన సంగీతంలో, జ్యోతిషంలో వాడుతూ వచ్చిన కటపయాది పద్ధతి ఉంది. క నుంచి ఝ వరకు ఒకటి నుంచి తొమ్మిది, ఞ సున్న. ట నుంచి ధ వరకు మళ్లీ ఒకటి నుంచి తొమ్మిది, న సున్న. ప నుంచి మ వరకు ఒకటి నుంచి ఐదు. య నుంచి హ వరకు ఒకటి నుంచి ఎనిమిది. జంటగా వచ్చిన హల్లుల్లో చివరిదే లెక్క. వచ్చిన అంకెలను వెనక నుంచి ముందుకు చదవాలి. మాయామాళవగౌళ పదిహేనో మేళకర్త అని ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలే చెబుతాయి. మ అంటే ఐదు, య అంటే ఒకటి, తిప్పి చదివితే 15. మా ఊరి పేరు కొత్తచెరువు వేసి చూడండి: 42661 వస్తుంది. రేడియోలో ఒక సంఖ్య చదివితే, పెనుకొండ నుంచి పావగడ దాకా పిల్లలు పలకల మీద అక్షరాలు వేసుకుంటూ ఊరి పేరు పట్టుకోవడానికి పోటీ పడతారు. లెక్కా వస్తుంది, వర్ణమాలా వస్తుంది. పైసా ఖర్చు లేదు, ఏ పిల్లవాడూ దళం బయట మిగిలిపోడు.

ఉపాధ్యాయులకు నా మనవి. పావుగంట భాగానికి పన్నెండు వందల మాటలు రాస్తే సరిపోతుంది. మొదట ఐదు భాగాలు రాయండి. పిల్లలతో కలిసి రాయండి, సంభాషణలు వాళ్లనే చెప్పనివ్వండి. యాడికి పోతాండావప్పా అని అడిగే పిల్లవాణ్ణి ఎక్కడికి వెళ్తున్నావు అని దిద్దకండి. ఆ యాసలోనే ఆ వీరుడు పుట్టాలి. ఒక గదిలో కిటికీలకు కంబళ్లు కట్టి, సెల్‌ఫోనుతో రికార్డు చేయండి, గొంతు గింగురుమనకుండా వస్తుంది. చేటలో రాగులు అటూ ఇటూ జార్చితే వాన చప్పుడు. రెండు కొబ్బరి చిప్పలు గట్టి నేల మీద ఆడిస్తే గుర్రం. రేకు ముక్క ఊపితే ఉరుము. నిమ్మలకుంట కళాకారులను ఒక పూట బడికి పిలవండి, చెక్క తొక్కడం వాళ్లు నేర్పుతారు. ఆడపిల్లలకు వెనక వరస పాత్రలు ఇవ్వకండి. 1940లోనే కెప్టెన్ మిడ్‌నైట్ దళంలో జాయిస్ అనే పిల్లకు సాహసాల్లో చోటు ఇచ్చారు, మనం అంతకంటే ముందుకు పోవాలి.

ఆకాశవాణి పెద్దలకు ఇంకొక మనవి. బడుల కోసం విందాం నేర్చుకుందాం వంటి కార్యక్రమాలు నడిపిన అనుభవం మీకుంది. పిల్లల కార్యక్రమం వారానికి ఒక్కరోజు ఉంటే ధారావాహిక నిలబడదు, ఆత్రం ఏడు రోజులు బతకదు. బడి వదిలిన తర్వాత, సాయంత్రం ఐదు ఐదున్నర మధ్య, వారానికి ఐదు రోజులు పావుగంట ఇవ్వండి. మధ్యలో వ్యాపార ప్రకటన పెట్టకండి. బడుల నుంచి వచ్చిన కథల్లో మంచివి ఏరి, పిల్లలను స్టూడియోకు పిలిచి, మీ సాంకేతిక సాయంతో తీర్చిదిద్దండి. న్యాయపతి దంపతులు యుద్ధకాలంలో చేసి చూపిన పని ఇది. అప్పటికంటే ఇప్పుడు చేతిలో సాధనాలు ఎక్కువ.

తల్లిదండ్రులారా, ఆ పావుగంట ఇంట్లో టీవీ, సెల్‌ఫోను కట్టిపెట్టండి. మీరూ పిల్లల పక్కన కూర్చుని వినండి. కథ రాయగల మాస్టర్లు, టీచరమ్మలు, పిల్లలు ఈ వేసవి సెలవుల్లోగా మొదటి ఐదు భాగాలు రాసి మీకు దగ్గరలోని ఆకాశవాణి కేంద్రానికి పంపండి.